టీవీ తెర మీద కంప్యూటరు: ఒక పరిశీలన

మా నారాయణఖేడ్ వైపు ఏ ఇంట్లోకి వెళ్లినా ముందుగదిలో గోడకు టీవీ కనిపిస్తుంది. కంప్యూటరు కనిపించే ఇళ్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఇది మా ఒక్క ఊరి సంగతి కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో నూటికి 47 కుటుంబాలకు టీవీ వుంటే, కంప్యూటరు గానీ ల్యాప్‌టాప్ గానీ వున్న కుటుంబాలు నూటికి పది కూడా లేవు. ఆ తర్వాత చేతి ఫోన్లు ఇంటింటికీ వచ్చిన మాట నిజమే. కానీ ఫోను మీద సినిమా చూడటం వేరు, పది పేజీల ప్రాజెక్టు రిపోర్టు టైపు చేయటం వేరు. తెలంగాణలో 2016 నుంచి డిగ్రీ ప్రవేశాలు 'దోస్త్' ద్వారా ఆన్‌లైన్‌లో జరుగుతున్నాయి. ఆ దరఖాస్తును ఆరంగుళాల తెర మీద నింపటానికి తంటాలు పడి, చివరికి బజారులోని నెట్ సెంటరుకు పరుగెత్తని వాళ్లు మనలో ఎందరున్నారు?

అటువంటప్పుడు ఇంట్లో వున్న టీవీనే కంప్యూటరు తెరగా వాడుకోలేమా? వాడుకోవచ్చు. ఐతే టీవీ తెర ఒక పని కోసం, మానిటరు మరొక పని కోసం పుట్టాయి. ఆ తేడా ఏమిటో తెలిసి వాడినవాడికి టీవీ చక్కగా పనికివస్తుంది. తెలియకుండా తీగ తగిలించి కూర్చున్నవాడికి వారం రోజుల్లో తలనొప్పి వస్తుంది. ముఖ్యంగా తెలుగు చదివి తెలుగు రాసేవారికి ఈ తేడా ఇంగ్లీషు వాడేవారికంటే ఎక్కువగా తగులుతుంది. ఆ సంగతులను విద్యార్థి మిత్రులకు కొంచెం లెక్కలతో సహా తెలియజేయటమే ఈ వ్యాసం ఉద్దేశం.

వెనకటి కథ

టీవీని కంప్యూటరుకు తగిలించటం కొత్త ఆలోచన ఏమీ కాదు. నిజానికి ఇంటి కంప్యూటరు పుట్టిందే టీవీని ఆసరా చేసుకొని. 1973 సెప్టెంబరులో అమెరికాలోని 'రేడియో ఎలక్ట్రానిక్స్' పత్రిక డాన్ లాంకాస్టర్ అనే ఆయన రూపొందించిన 'టీవీ టైప్‌రైటర్'ను ప్రచురించింది. మామూలు టీవీ తెర మీద అక్షరాలు చూపించే యంత్రం అది, ఎవరి ఇంట్లో వారు తయారు చేసుకోవచ్చు. 1981లో బ్రిటన్‌లో బీబీసీ మైక్రో, 1982లో సింక్లెయిర్ స్పెక్ట్రం వచ్చాయి. వీటి వెనక భాగంలో టీవీ యాంటెన్నా తీగ గుచ్చుకునే రంధ్రం వుండేది. కంప్యూటరు తానే ఒక చిన్న టీవీ స్టేషన్‌లాగా సంకేతం పంపేది, టీవీ దాన్ని ఒక ఛానెల్‌గా పట్టుకునేది. తెర కోసం వేరే ఖర్చు లేకపోవటం వల్లనే లక్షలాది పిల్లలు ఆ రోజుల్లో ప్రోగ్రామింగ్ నేర్చుకున్నారు.

మన దేశానికి కూడా ఆ గాలి కొంచెం తగిలింది. 1984లో మొదలైన 'క్లాస్' పథకం కింద కేంద్ర ప్రభుత్వం కొన్ని వందల పాఠశాలలకు ఇచ్చినవి ఈ బీబీసీ మైక్రోలే. ఇక హైదరాబాదు విషయానికి వస్తే, 1967లో ఏర్పడిన ఈసీఐఎల్ సంస్థ కంప్యూటర్లూ చేసింది, టీవీలూ చేసింది. టీడీసీ వరుస కంప్యూటర్లు, 'ఈసీ టీవీ' పెట్టెలు ఒకే సంస్థ నుంచి బయటికి వచ్చాయి. 1977 అక్టోబరులో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం మొదలయ్యాక ఆ టీవీ పెట్టెలు మధ్యతరగతి ఇళ్లలోకి చేరాయి. కంప్యూటర్లు మాత్రం కార్యాలయాలకూ పరిశోధనశాలలకూ పోయాయి. ఒకే చోట పుట్టిన ఆ రెండూ ఒకే ఇంట్లో కలుసుకోవటానికి చాలా కాలం పట్టింది. మా ప్రాంతంలో ఇంకా పడుతూనే వుంది.

చుక్కల లెక్క

పాత గాజుబుడ్డి టీవీ బొమ్మను ఎట్లా గీస్తుందో చూద్దాం. మన దేశంలో దూరదర్శన్ పద్ధతి ప్రకారం ఒక బొమ్మకు 625 అడ్డగీతలు, సెకనుకు 25 బొమ్మలు. రెండింటినీ గుణిస్తే సెకనుకు 15,625 గీతలు. అంటే ఒక్కొక్క గీత గీయటానికి 64 మైక్రోసెకన్లు. అందులో కిరణం మళ్లీ ఎడమ అంచుకు తిరిగి రావటానికి పోయిన సమయం తీసివేస్తే, బొమ్మ కోసం మిగిలేది దాదాపు 52 మైక్రోసెకన్లు.

సంకేతానికి ఇచ్చిన వెడల్పు 5 మెగాహెర్ట్జ్. అంటే మైక్రోసెకనుకు ఐదు ఆవృత్తులు. ఒక ఆవృత్తిలో ఒక తెల్లచుక్క, ఒక నల్లచుక్క చూపించగలం అనుకుంటే, మైక్రోసెకనుకు పది చుక్కలు. 52ను పదితో గుణిస్తే గీతకు 520 చుక్కలు. ఒక ఇంగ్లీషు అక్షరానికి అడ్డంగా 8 చుక్కలు కావాలి. కార్యాలయాల్లో అలవాటైన 80 అక్షరాల వరుసకు 640 చుక్కలు కావాలి. 520 చుక్కల చోటులో 640 పట్టవు. అందుకే స్పెక్ట్రం వరుసకు 32 అక్షరాలతో సరిపెట్టుకుంది. బీబీసీ మైక్రోలో 80 అక్షరాల పద్ధతి వున్నా, యాంటెన్నా దారిన టీవీకి పంపినప్పుడు హాయిగా చదవగలిగింది 40 అక్షరాల పద్ధతే. మానిటరు అనేది వేరే వస్తువుగా నిలబడటానికి కారణం ఈ చిన్న గుణకారంలోనే వుంది.

ఇంకొక సంగతి. ఆ రోజుల టీవీలు బొమ్మ అంచులను కావాలనే చట్రం వెనక దాచేవి. కరెంటు వోల్టేజి పడిపోతే బొమ్మ కుంచించుకుపోయేది. అప్పుడు తెర చుట్టూ నల్లటి అంచు కనిపించకుండా, ముందే బొమ్మను కొంచెం పెద్దదిగా గీసేవారు. సినిమాలో అంచు కాస్త పోయినా ఎవరికీ బాధ లేదు. కంప్యూటరు తెరలో అంచు పోతే మొదటి అక్షరమే పోతుంది. ఈ పాత అలవాటు పలక టీవీలకు కూడా వంశపారంపర్యంగా వచ్చింది. దాని సంగతి ముందు చెప్తాను.

తెలుగు అక్షరానికి ఎంత చోటు?

ఇంగ్లీషు అక్షరం 8 చుక్కల పొడవు, 8 చుక్కల వెడల్పు గల గడిలో ఇముడుతుంది. మరి తెలుగు? 'స్త్రీ' అనే ఒక్క అక్షరం తీసుకోండి. మధ్యన స, నెత్తిన గుడిదీర్ఘం, కింద తవత్తు, పక్కన రవత్తు. మూడంతస్తుల మేడ! ఒక్కొక్క అంతస్తులో వంపు స్పష్టంగా కనపడాలంటే కనీసం అయిదారు చుక్కలు కావాలి, అంతస్తుల మధ్య ఖాళీ కావాలి. 8 వరుసల్లో ఇది సాధ్యం కాదు. 16 వరుసల్లో ఇరుకుగా పడుతుంది. 24 వరుసలైతే కంటికి సుఖంగా వుంటుంది. స్పెక్ట్రంలో వాడేవాడు సొంతంగా తయారు చేసుకోగలిగిన అక్షరాలు 21 మాత్రమే. మన అక్షరమాల, గుణింతాలు, వత్తులు ఆ 21లో ఎక్కడ సర్దుతాం? ఆనాటి టీవీ కంప్యూటరు తెలుగు పిల్లవాడిని ఇంగ్లీషులోనే పలకరించిందంటే ఆశ్చర్యం లేదు.

వత్తుల సంగతి అట్లా వుంచి ద, ధ, థ అనే మూడింటిని పక్కపక్కన రాసి చూడండి. ధకు కింద చిన్న నిలువుగీత, థకు దాంతోపాటు లోపల ఒక చుక్క. ఈ గీత, ఆ చుక్క మసకబారితే మాటే మారిపోతుంది. సినిమాలో హీరో మొహం మీద ఒక చుక్క మసకబారితే ఎవరూ పట్టించుకోరు. టీవీ తెర యోగ్యతను పరీక్షించటానికి ఈ మూడు అక్షరాలకు మించిన పరికరం నాకు కనిపించలేదు.

నేటి పలక టీవీ

ఇప్పటి టీవీలో కిరణం లేదు, గీతలు లేవు. లెక్కపెట్టిన చుక్కలు పలక మీద నిలిచి వుంటాయి. కంప్యూటరు నుంచి హెచ్‌డీఎంఐ తీగ ద్వారా సంకేతం అంకెల రూపంలోనే వస్తుంది. కాబట్టి పాత కష్టాలు తీరిపోవాలి. ఐతే టీవీ తయారుచేసేవారు ఇంకా సినిమా చూసేవాడినే మనసులో పెట్టుకుంటారు. వచ్చిన బొమ్మను వున్నదున్నట్టు చూపించకుండా దానికి మెరుగులు దిద్దుతారు. ఆ మెరుగులే మనకు చిక్కులు.

మొదటిది సాగదీత. మా వైపు ఇళ్లలో ఎక్కువగా కనిపించే 32 అంగుళాల 'హెచ్‌డీ రెడీ' టీవీల పలక మీద సాధారణంగా 1366 నిలువు వరుసలు, 768 అడ్డు వరుసలు వుంటాయి. కానీ ఇటువంటి టీవీలు చాలావరకు కంప్యూటరుతో 'నాకు 1280, 720 చొప్పున పంపు' అని చెప్తాయి. అప్పుడు ప్రతి 15 చుక్కలను 16 చుక్కలుగా సాగదీయాలి. నల్లచుక్కకూ తెల్లచుక్కకూ మధ్య బూడిదరంగు చుక్క పుడుతుంది. అక్షరం అంచు మసకబారుతుంది. టీవీ మెనూలో గానీ కంప్యూటరు డిస్‌ప్లే సెట్టింగులలో గానీ 1360 లేదా 1366, 768 అన్న ఎంపిక దొరికితే దాన్నే పెట్టండి. పాత వీజీఏ రంధ్రం వున్న టీవీలో ఇది తేలికగా దొరుకుతుంది.

రెండవది అంచుల కోత. పైన చెప్పిన గాజుబుడ్డి కాలపు అలవాటు. కంప్యూటరు తెర కింద వుండే పట్టీ సగం కనపడకపోతే కారణం ఇదే. టీవీ మెనూలో 'జస్ట్ స్కాన్', 'స్క్రీన్ ఫిట్' వంటి పేర్లతో ఒక ఎంపిక వుంటుంది. ఒక్కొక్క కంపెనీ ఒక్కొక్క పేరు పెడుతుంది. అది నొక్కితే కోత పోతుంది.

మూడవది రంగుల పొదుపు. మన కన్ను వెలుగునీడల్ని పట్టినంత సూక్ష్మంగా రంగును పట్టలేదు. అందుకని వీడియోలో రంగు వివరాన్ని అడ్డంగా సగం, నిలువుగా సగం తగ్గించి పంపుతారు. సినిమాకు ఇది మంచి పొదుపే. కానీ నీలం మీద ఎర్ర అక్షరాలు రాసి చూడండి, అలికినట్టు కనిపిస్తాయి. చాలా టీవీలలో ఆ హెచ్‌డీఎంఐ రంధ్రానికి 'పీసీ' అని పేరు పెడితే, టీవీ ఈ పొదుపు మానుకుని ప్రతి చుక్కకు దాని రంగు దానికి ఇస్తుంది. పేరు మార్చినంత మాత్రాన గుణం మారటం మనుషుల్లో చూడలేదు గానీ టీవీలలో చూశాను.

నాలుగవది ఆలస్యం. మెరుగులు దిద్దటానికి సమయం పడుతుంది. కొన్ని టీవీలలో మీట నొక్కిన తర్వాత అక్షరం కనపడటానికి వంద మిల్లీసెకన్ల దాకా పడుతుంది. టైపు చేసేవాడికి చెయ్యి ఒకచోట, కన్ను ఒకచోట వున్నట్టు అనిపిస్తుంది. 'గేమ్ మోడ్' పెడితే ఈ ఆలస్యం బాగా తగ్గుతుంది. ఆటలు ఆడకపోయినా దాన్ని పెట్టుకోండి. అట్లాగే 'షార్ప్‌నెస్' అనేదాన్ని బాగా తగ్గించాలి. అది ఎక్కువైతే అక్షరం చుట్టూ తెల్లటి నీడ గీసి, వత్తులను ఒకదానిలో ఒకటి కలిపేస్తుంది.

ఎంత దూరాన కూర్చోవాలి?

అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇది. సామాన్యమైన చూపు గల కన్ను, డిగ్రీలో అరవయ్యవ వంతు కోణంలో వున్న రెండు చుక్కలను విడివిడిగా గుర్తించగలదు. అంతకంటె చిన్న కోణమైతే చుక్కలు కలిసిపోయి గీత నున్నగా కనపడుతుంది. ఈ సూత్రం ఆధారంగా లెక్క కడితే చుక్కలు కలిసిపోయే దూరం వస్తుంది. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటరుకు దాదాపు మూడడుగులు. 32 అంగుళాల ఫుల్ హెచ్‌డీ టీవీకి నాలుగడుగుల పైచిలుకు. 32 అంగుళాల హెచ్‌డీ రెడీ టీవీకి దాదాపు ఆరడుగులు. 43 అంగుళాల 4కే టీవీకి మూడడుగుల లోపే.

అంటే మామూలు టీవీని ఆరడుగుల దూరాన పెట్టుకుంటే, అక్షరం నునుపులో అది మూడడుగుల దూరాన వున్న మంచి మానిటరుకు తీసిపోదు. తేడా మరొకచోట వుంది. మానిటరులో 20 లక్షల పైచిలుకు చుక్కలుంటే ఈ టీవీలో పదిన్నర లక్షలే. కాబట్టి ఒకసారికి కనిపించే పేజీ సగమే. బల్ల మీద పెట్టి రెండడుగుల దూరాన కూర్చుంటే మాత్రం చుక్కలు లెక్కపెట్టుకోవటమే మిగులుతుంది.

ఈ లెక్కను కిందటి వేసవి సెలవుల్లో మా చిన్నాన్నగారింట్లో పరీక్షించి చూశాను. వాళ్లది 32 అంగుళాల హెచ్‌డీ రెడీ టీవీ. చెల్లె డిగ్రీ చదువుతున్నది. తెర మీద స్త్రీ, లక్ష్మి, రాష్ట్రం, ధర్మం, కథ అనే మాటలు మూడు కొలతల్లో రాసి, సెట్టింగులేవీ మార్చకుండా అయిదడుగుల దూరం నుంచి చదవమన్నాను. 16 చుక్కల అక్షరం దగ్గర ఆగిపోయింది. "అన్నా, గీ ధ కింద గీత ఉన్నదా లేదా సమజైత లేదు" అన్నది. అంచుల కోత తీసేసి, 'పీసీ' పేరు పెట్టి, షార్ప్‌నెస్ తగ్గించి, కుర్చీని ఆరడుగులకు జరిపాక అదే అక్షరం తడబడకుండా చదివింది. 24 చుక్కల అక్షరాలైతే పేజీలకు పేజీలు చదవగలిగింది. ఐతే అక్షరాలను అంత పెద్దవి చేసేసరికి దరఖాస్తు ఫారం కింది భాగంలోని మీట తెర దాటిపోయింది, పైకీ కిందికీ జరుపుకోవలసి వచ్చింది. 1280, 720 తెర మీద అక్షరాలను ఒకటిన్నర రెట్లు చేస్తే మిగిలే చోటు 853, 480 చుక్కల తెరతో సమానం. ఈ ఇబ్బందికి మందు లేదు, ఓర్పు ఒక్కటే. కొత్తగా టీవీ కొనే ఆలోచన వున్నవారు మాత్రం ఇంట్లో చదువుకునే పిల్లలుంటే అంగుళాలు చూసి మోసపోకుండా, చుక్కల లెక్క అడిగి ఫుల్ హెచ్‌డీ తీసుకోవటం మంచిది.

ఆరడుగుల దూరానికి మామూలు కీబోర్డు తీగ చాలదు. తీగలేని కీబోర్డు గానీ, ఒక పొడిగింపు తీగ గానీ కావాలి. ఒళ్లో పెట్టుకోవటానికి ఒక పీట వుంటే చేతులు నొప్పి పుట్టవు. రాత్రిపూట గదిలో దీపం వేసుకోవాలి. టీవీ వెలుగును సినిమాకు పెట్టినంత పెట్టక, సగానికి తగ్గించాలి.

మరి కంప్యూటరు ఎక్కడిది?

తెర సరే, దాని వెనక కంప్యూటరు కావాలి కదా అంటారు. దానికి ఇప్పుడు మూడు నాలుగు దారులున్నాయి. మానిటరు పాడైపోయి మూలన పడిన పాత డెస్క్‌టాప్ ఒకటి. కొన్ని రకాల ఫోన్లను తీగతో టీవీకి కలిపితే పెద్ద తెర మీద కంప్యూటరులాగే పనిచేస్తాయి, కానీ అన్ని ఫోన్లకూ ఆ శక్తి వుండదు. బ్రిటన్‌లో 2012లో వచ్చిన 'రాస్ప్‌బెర్రీ పై' అనే అరచేతి కంప్యూటరు మరొకటి. బీబీసీ మైక్రోను తలుచుకుంటూనే దాన్ని చేశారు, దాని మోడళ్లకు పెట్టిన ఏ, బీ అనే పేర్లు కూడా అక్కడివే. మొదటి నమూనాలో హెచ్‌డీఎంఐతోపాటు పాత టీవీల కోసం పసుపుపచ్చ రంధ్రం కూడా వుండేది.

నాలుగో దారి మన ముంగిట్లోకి వచ్చింది. 2024 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం టీ-ఫైబర్ సేవలను కొద్ది గ్రామాల్లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. మా సంగారెడ్డి జిల్లాలో అందోలు దగ్గరి సంగుపేట వాటిలో ఒకటి. ఇంటర్నెట్టుతోపాటు ఇంటి టీవీనే కంప్యూటరుగా వాడుకునే వీలు కూడా ఇందులో చేర్చారు. 2025 జూలైలో రిలయన్స్ జియో 'జియోపీసీ' పేరుతో ఇటువంటిదే తెచ్చింది. ఇక్కడ లెక్కలు చేసే యంత్రం ఎక్కడో దూరాన వుంటుంది. మన సెట్‌టాప్ బాక్సు మీటల నొక్కుళ్లను అక్కడికి పంపి, తెర బొమ్మను తెచ్చి చూపిస్తుంది. యంత్రం కొనే ఖర్చు తప్పుతుంది. కానీ నెట్ ఆగితే కంప్యూటరు కూడా ఆగుతుంది. బొమ్మను కుదించి పంపుతారు కాబట్టి సన్నటి అక్షరాలకు మళ్లీ ఆ పాత మసక తగలవచ్చు. ద, ధ, థ పరీక్ష ఇక్కడ కూడా చేసి చూసుకోవాలి.

ఇంట్లో టీవీ ఒక్కటే

యంత్రం సంగతులన్నీ అయ్యాక మనుషుల సంగతి మిగులుతుంది. టీవీ ఒక్కటి, చూసేవారు అయిదుగురు. సాయంత్రం ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా సీరియల్ ఆపి, "చిన్నమ్మా, నేను టైపింగ్ నేర్చుకుంటా" అనే ధైర్యం ఎవరికుంటుంది? మా చిన్నమ్మైతే ముఖం మీదనే చెప్పింది, "పొద్దుగాల లేచి నేర్చుకోండ్రి, ఎవరొద్దన్నరు" అని. ఆ మాటలో న్యాయం వుంది. ఇప్పుడు చెల్లె తెల్లవారి అయిదున్నర నుంచి ఏడు దాకా ఆ ఇంట్లో కంప్యూటరు నేర్చుకుంటున్నది. తెలుగు టైపింగ్ కూడా మొదలుపెట్టింది. రోజుకు గంటన్నర అంటే తక్కువ కాదు. తాను చదివే కాలేజీలో ఒక్కొక్కరికి కంప్యూటరు ముందు వారానికి దొరికే సమయం అంతకంటే తక్కువని అంటుంది.

2020 సెప్టెంబరు 1న, బడులు మూసి వున్న రోజుల్లో, దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానెళ్ల ద్వారా మన రాష్ట్రంలో పాఠాలు మొదలయ్యాయి. ఇదే టీవీ ఆ రోజు పల్లె పిల్లలకు బడి అయింది. కానీ ఆ బడిలో పిల్లవాడు వినాలే తప్ప చెయ్యెత్తి అడగటానికి వీల్లేదు. అదే తెరకు ఒక కీబోర్డు తగిలిస్తే పిల్లవాడు రాయగలడు, తప్పు దిద్దుకోగలడు, అడగగలడు. ఊళ్లో ఉండిపోయిన మన తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఈ తేడా చాలా పెద్దది.

విద్యార్థి సంఘానికి నాదొక సూచన. మన హాస్టలు కామన్ రూములోని టీవీకి చిన్న కంప్యూటరు పెట్టె, కీబోర్డు ఒకటి సమకూర్చి, క్రికెట్టు లేని వేళల్లో తెలుగు టైపింగ్ నేర్పితే మన సంఘానికి పెద్ద ఖర్చు కాదు. సంఘం చేసేదాకా ఆగవలసిన పని కూడా లేదు. ఈసారి సెలవులకు ఊరికి పోయేటప్పుడు రెండు మూడు వందలు పెట్టి ఒక హెచ్‌డీఎంఐ తీగ కొని సంచిలో వేసుకోండి. ఇంటికి వెళ్లాక టీవీ వెనక ఏ రంధ్రాలున్నాయో చూడండి. తీగ తగిలించి, తెర మీద ద, ధ, థ రాసి, ఇంట్లో చదువుకునే చిన్నవాళ్లను ఆరడుగుల దూరాన కూర్చోబెట్టి చదివించండి.